రెండక్షరాల తోక

నౌషీన్ నాతో అబద్ధం చెప్తోందని నాకు మొదటిరోజే తెలిసిపోయింది. నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి, అవన్నీ దాచకుండా చెప్తాను గానీ ఆ ఒక్క విషయంలో మాత్రం నా అంచనా తప్పలేదు. ఎదుటి మనిషి ధర చెప్పేటప్పుడు ముఖం చూసి అసలు ధర పట్టేయడం నాకు పద్దెనిమిదేళ్ల అలవాటు. పట్టుచీరల బేరంలో ఆ అలవాటు లేనివాళ్లు రెండు సీజన్లు కూడా నిలవరు.

మాది ధర్మవరం. నా పేరు సుమలత. మా ఆయన జయరాముడు మగ్గం నేస్తాడు. మా ఇంట్లో రెండు మగ్గాలు, చుట్టుపక్కల ఇళ్లలో ఇంకో తొమ్మిది, మొత్తం పదకొండు మగ్గాల చీరలు నా చేతుల మీదుగా అమ్ముడవుతాయి. మాకు షాపు లేదు. ఆరేళ్ల కిందటి వరకు చీరల సంచీ పట్టుకుని పెద్ద షాపుల గడపల దగ్గర నిలబడేదాన్ని. లోపల సావుకారు టిఫిన్ చేస్తున్నాడంటే గంట, నిద్రపోతున్నాడంటే రెండు గంటలు. ఆ నిలబడటం తప్పించింది నౌషీన్.

ఆమెది హిందూపురం. అక్కడ చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతుంది. స్నేహితురాలి పెళ్లికి చీర కొనిద్దామని తోడుగా ధర్మవరం వచ్చి, నా సంచీలో చీరలు చూసి, ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకుని, వీటిని నెట్‌లో పెడదాం అక్కా అంది. రెండు వైపులా ఒకే వెడల్పున పెద్ద అంచు ఉండే చీరలు మా ఇంటి ప్రత్యేకం కాబట్టి పేరు జోడంచు అని పెట్టుకున్నాం. జోడంచు డాట్ ఇన్. చీరలు నావి, ఫోటోలూ కంప్యూటర్ పనీ ఆమెవి, లాభం చెరి సగం. ఆ పేరు మాత్రం నా పేరు మీదే, నా ఫోన్ నంబరు మీదే తీసుకుంది. చీరలు మీవి కాబట్టి పేరు కూడా మీ చేతిలోనే ఉండాలని అప్పుడు తనే అంది.

ఈరోజు చీర పెట్టె మీద ఆ పేరే, బిల్లు మీద ఆ పేరే. బళ్లారి వాళ్లు, చెన్నై వాళ్లు, నాకు ముఖం కూడా తెలియని పెళ్లిళ్ల వాళ్లు ఆ పేరు కొట్టి, చీర ఎంచుకుని, దుడ్లు పంపిస్తారు. ఫోన్ నంబరు మారినా బతకొచ్చు. ఇల్లు మారినా బతకొచ్చు. ఆ పేరు ఆగిపోతే పదకొండు మగ్గాలకు పని ఉండదు, నేను మళ్లీ సంచీ పట్టుకుని గడపల దగ్గరికి పోవాల్సిందే.

నెలకోసారి నేనూ నౌషీన్ పెనుకొండలో కలుస్తాం. నాకూ ఆమెకూ మధ్యలో ఉంటుంది, ఎవరి పనీ చెడదు. నేను కొత్త చీరలు తీసుకుపోతాను, ఆమె వాటిని కోట గోడ మీద పరిచి ఫోటోలు తీస్తుంది. ఆ నల్లరాయి మీద ఏ రంగైనా బాగా కనబడుతుంది. పని అయ్యాక బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని ఎవరి బస్సు వాళ్లం ఎక్కుతాం. శ్రావణం పెళ్లిళ్లకు ఇంకా నెలన్నర ఉందనగా ఒక శనివారం, ఆ హోటల్లోనే, ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"అక్కా, మన పేరును బెంగళూరోళ్లు అడుగుతాండారు," అంది.

ఆమె వెంటనే, మన ఇన్ కాదు, ఏఐ అంది. జోడంచు డాట్ ఏఐ అని ఇంకొకటి ఉందట. మూడేళ్ల కిందట, ఎవరైనా మన పేరు వాడుకుంటారేమోనని ముందుజాగ్రత్తగా కొనిపెట్టిందట, తన పేరు మీద, తన కార్డుతో. అప్పుడే నీకు చెప్పినా కదక్కా అంటుంది. చెప్పి ఉంటే నాకు గుర్తుండేది. ఎవరు ఏ చీర ఎంతకడిగారో పదేళ్ల కిందటిది కూడా చెప్పగలిగే మనిషిని నేను.

అప్పుడు నాకు ఆ తోకల సంగతంతా వివరించింది. ఒక్కో దేశానికి రెండక్షరాల తోక ఉంటుందట. మన దేశానిది ఇన్. ఏఐ అన్నది యాంగ్విల్లా అనే దీవిది. హిందూపురంలో నాలుగు వార్డుల జనం కూడా ఆ దీవిలో ఉండరట. కానీ ఇప్పుడు మనిషిలా మాట్లాడే కంప్యూటర్లను ఏఐ అంటున్నారు కాబట్టి, ప్రపంచంలో ఆ వ్యాపారం చేసే ప్రతివాడికీ ఆ దీవి తోకే కావాలి. అందుకని దాని ధర ఆకాశంలో ఉందట. టీవీ అన్న తోక తువాలు అనే ఇంకో దీవిది, ఆ దీవిని సముద్రం ముంచేస్తోందట. అయినా టీవీల వాళ్లు దాన్నే కొంటున్నారట. దేశం మునిగిపోయాక తోక ఎవరిదవుతుంది అని అడిగాను. ఎవరికీ తెలియదట. ఐఓ అనే తోక కూడా మొన్నటిదాకా మంచి గిరాకీలోనే ఉండేదట, ఆ దీవులు వేరే దేశం చేతికి పోతాయని మాట వచ్చాక కొనేవాళ్లు వెనకాముందూ ఆడుతున్నారట. కొలంబియా వాళ్ల కో అన్న తోక, కామ్ దొరకనివాళ్లు కొనుక్కుంటారు కాబట్టి, ఫరవాలేదట.

వింటున్నాను గానీ నాకు మనసులో ఒకటే. పేరు ఒకటి. చీరలు ఒకటి. వెనక రెండక్షరాలు మారితే ధర ఎట్లా మారుతుంది? ఏఐకి ఎంత ఇస్తామంటున్నారని అడిగాను. ఆరు లక్షలు అంది. ఆ మాట నా ముఖం చూసే చెప్పింది. అందులో సగం నీకే అక్కా అని కూడా చేర్చింది.

మరి మన ఇన్‌కు ఎంత వస్తుందని అడిగాను.

కాఫీ గ్లాసు పైకెత్తి, లోపల పురుగేదైనా పడిందా అన్నట్టు చూస్తూ, "దానికేం రాదక్కా. పదైదు వేలొస్తే గొప్ప. ఇన్ అమ్మేకి పనికొచ్చేది కాదు, వాడుకునేకి పనికొచ్చేది," అంది.

అబద్ధం. పద్దెనిమిదేళ్లలో ఆ గొంతు నేను వేల సార్లు విన్నాను. ఇరవై వేల చీరను చేతిలో పట్టుకుని, ఇది ఎనిమిది వేలకు మించి పలకదమ్మా అనే సావుకారు గొంతు అచ్చం అట్లాగే ఉంటుంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. బల్ల మీద బోర్లా పెట్టి ఉన్న ఫోన్ తీసుకుని బయటికి పోయి కన్నడలో మాట్లాడింది. నాకు కన్నడ రాదని ఆమెకు తెలుసు. హిందూపురం వాళ్లందరూ ఫోన్‌లో సగం కన్నడమే మాట్లాడతారు, అది నాకు కూడా తెలుసు, కానీ ఆ రోజు నాకది అట్లా అనిపించలేదు. ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒకటే ఆలోచన. తన పేరు మీద ఉన్నదానికి ఆరు లక్షలు, నా పేరు మీద ఉన్నదానికి పదిహేను వేలు. పైగా అడగకుండానే సగం ఇస్తానంటోంది. అడగకుండా మూడు లక్షలు ఇచ్చే మనిషి వెనకాల ఎంత దాచుకుని ఉంటుంది?

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం ఆపలేదు. ఆ పిల్ల ఆరేండ్లుగా మనకు పైసా తేడా రాకుండా చూసిందని, ఏది ఎంతో ఆమెకే తెలుస్తుందని, ఇస్తానన్నది తీసుకుని ఊరుకోమని అన్నాడు. ఈయనకు ప్రపంచంలో అందరూ మంచివాళ్లే. ఈయన నమ్మిన మంచివాళ్ల దగ్గర డబ్బులు రాబట్టడానికే నా యవ్వనం అంతా సరిపోయింది. ఇక ఈ సంగతి ఈయనతో ఎత్తకూడదనుకున్నాను.

తర్వాత మూడు రోజులు ఫోన్‌లో ఆ ధరల జాబితాలు చూశాను. ఇంటర్ చదివిన ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ చదివాను. చదివినకొద్దీ అనుమానం పెరిగింది. ఒక జాబితాలో ఇన్ తోక ఉన్న పేరు ఒకటి లక్షలు పలికింది. దాని కిందే, అంతకన్నా మంచి పేరు, అదే ఇన్, ఏడు వందలు. ఏఐలో ఒకటి కోట్లు, ఇంకొకటి ఎవరూ అడగక ఏళ్లుగా అట్లాగే పడి ఉంది. కో తోకతో ఉన్నది ఒకచోట ఇన్ కన్నా ఎక్కువ, ఇంకోచోట తక్కువ. చీరకైతే జరీ ఉంది, పట్టు బరువు ఉంది, పని ఉంది. తూకం వేసో జరీని వేలితో రుద్దో చెప్పొచ్చు. దీనికి దేన్ని పట్టుకుని ధర కడతారో ఎంత చదివినా అర్థం కాలేదు. కొనేవాడికి ఎంత అవసరమో అంతే ధర అని ఒకచోట రాశారు. అట్లా అయితే మన పేరు ఎంతకు పోతుందో కొనేవాళ్లకు చూపించి అడిగితేనే గదా తెలిసేది?

మా ఊళ్లో ఏ చీర ధరా ఒక్కరి నోటి మాట మీద నమ్మం. ఒక షాపాయన పన్నెండు వేలంటే, సరేనని తలూపి, అదే చీర ఇంకో మనిషి చేతికిచ్చి వేరే రెండు షాపుల్లో చూపించమని పంపుతాం. చీర పొద్దున పోతుంది, సాయంత్రానికి మూడు ధరలు మోసుకుని తిరిగి వస్తుంది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. నలభై వేల చీరలు కూడా నేను అట్లా పంపాను. చీర తీసుకుపోయి రానివాడు ఈ ఊళ్లో ఇంతవరకు లేడు, ఎందుకంటే రేపు మళ్లీ ఇదే వీధిలో తిరగాలి. చూడ్డానికి ఇచ్చింది అమ్మినట్టు కాదని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నౌషీన్ చెప్పిన ధర నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి దారి కనబడలేదు.

మా వీధి చివర షాపులో నరేష్ అనే ఆయన కార్డు ఒకటి చూశాను. చీరల షాపులకు వెబ్‌సైట్లు చేసి పెడతాడట, డొమైన్లు అనే ఇట్లాంటి పేర్లు కొనిస్తాడట, అమ్మిపెడతాడట. ఫోన్ చేస్తే రెండో రోజు ఇంటికే వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. మా ఆయన నూలు తేవడానికి పోయిన సమయం చూసి రమ్మన్నాను.

నేను ఊరికే నమ్మేదాన్ని కాదు. ముందు ఏ ఊరని అడిగాను. కదిరి అన్నాడు. ఎవరి తాలూకని అడిగాను. తాత పేరు చెప్పాడు, మేనమామలది కనగానపల్లి అన్నాడు. అక్కడ మాకు తెలిసిన నాగన్న ఉన్నాడు. నరేష్‌ను అట్లాగే కూర్చోబెట్టి, లోపలికి పోయి నాగన్నకు ఫోన్ చేశాను. అవును, వాళ్ల పిల్లోడే, మంచి ఇల్లు, ఎవరి జోలికీ పోనివాళ్లు అని నాగన్న చెప్పాడు. బయటికి వచ్చి నరేష్‌కు మజ్జిగ ఇచ్చాను. ఇంత విచారించాక ఇంకేం భయమని నా ధీమా.

ఇన్‌కు పదిహేను వేలు అనగానే నరేష్ నవ్వాడు. ఎవరు చెప్పినారమ్మా అన్నాడు. ఆరేళ్లుగా నడుస్తున్న పేరు, గిరాకీ ఉన్న పేరు, రెండు లక్షలకు తగ్గదు అన్నాడు. ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం డబ్బు గురించి కాదు. నా అనుమానం నిజమైంది, అదీ సంతోషం. అమ్మే ఉద్దేశం నాకు లేదని, ధర మాత్రమే తెలియాలని గట్టిగా చెప్పాను. అట్లాగే అన్నాడు. కొనేవాళ్లకు చూపించాలంటే పేరు నిజంగా మనదే అని వాళ్లకు నమ్మకం కుదరాలని, దానికి ఒక కోడ్ ఉంటుందని, అది ఇస్తే పార్టీలకు చూపించి ధరలు తెస్తానని చెప్పాడు.

ఇది ఓటీపీ కాదు కదా అని అడిగాను. ఓటీపీ ఎవరికీ ఇచ్చేది లేదని ముందే చెప్పాను. ఒకసారి నిజంగా బ్యాంకు నుంచే ఫోన్ చేసిన అమ్మాయిని కూడా నేను దొంగవని తిట్టి పెట్టేశాను. ఓటీపీ డబ్బులకమ్మా, ఇది పేరుకు సంబంధించింది అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన చెప్తూ ఉంటే నేనే నా ఫోన్‌లో పేరు కొన్నచోటి అకౌంటు తెరిచాను, పేరుకు వేసి ఉన్న తాళం తీశాను, కోడ్ చదివి వినిపించాను. చీర మడత విప్పి చూపించకుండా ఎవరైనా ధర చెప్తారా, అదే అనుకున్నాను. తర్వాత ఒప్పుకుంటున్నారా అని ఒక మెయిల్ వస్తుందని, అవునని నొక్కమని చెప్పాడు. వచ్చింది, నొక్కాను. సాయంత్రానికి తెచ్చిస్తావా అని అడిగితే, ఇవి చీరల్లా కాదమ్మా, వారం పడుతుంది అన్నాడు.

ఆ వారమంతా నేను గెలిచినట్టే తిరిగాను. నౌషీన్ రెండుసార్లు ఫోన్ చేసింది, బెంగళూరు వాళ్లకు ఏం చెప్పమంటావక్కా అని. ఆగు, తొందరేముంది అన్నాను. ఈమెకు ఎందుకింత తొందర అని మనసులో ఇంకో ముడి వేసుకున్నాను.

ఎనిమిదో రోజు బళ్లారి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కూతురి పెళ్లికి చూసి పెట్టుకున్న ఎర్రచీర కనబడటం లేదట. నేను జోడంచు డాట్ ఇన్ కొట్టాను. మా చీరలు లేవు, మా ఫోన్ నంబరు లేదు. తెల్లటి తెర మీద, త్వరలో వస్తున్నాం అని ఇంగ్లీషులో ఒక ముక్క. నరేష్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. పదిసార్లు చేశాను. నాగన్నకు చేస్తే, ఆ పిల్లోడు బెంగళూరికి పోయినాడంట, మంచి ఇంటోడేనమ్మా, ఏమైంది అన్నాడు. మా ఆయన లోపల మగ్గం నేస్తూనే ఉన్నాడు, ఆ చీర ఇక ఎవరికి చూపించి అమ్మాలో నాకు తెలియలేదు.

అంత భయంలోనూ నా బుర్ర తన పని మానలేదు. హిందూపురం బస్సెక్కేసరికి నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. నరేష్ కార్డు మా వీధి చివర షాపులోకి ఎట్లా వచ్చింది? ఇన్‌కు ధర లేదని ఈమె చెప్పడం, ఉందని అతను చెప్పడం, నేను కోడ్ ఇవ్వడం. ఇద్దరూ కలిసే ఆడిన ఆట. అతన్ని పంపింది నౌషీనే. పెనుకొండ దాటేసరికి ఆమెను అడగాల్సిన మాటలన్నీ వరుసగా పెట్టుకున్నాను.

ఆమె సెంటర్ మెయిన్ బజారు వెనక సందులో ఉంటుంది. నేను ఎప్పుడు పోయినా లేచి ఎదురొచ్చే పిల్ల, ఆ రోజు కుర్చీలోంచి కదలలేదు. టైపు నేర్చుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలను కాసేపు బయట కూర్చోమని పంపేసింది. నేను నిలబడే, పేరు ఎక్కడ పెట్టావని అడిగాను.

"అమ్ముకునింది నువ్వు. యాడుండాదో నన్నడిగితే ఎట్లక్కా?" అంది.

కంప్యూటర్ నా వైపు తిప్పింది. బెంగళూరు కంపెనీ మెయిల్ అది. ఇంగ్లీషు నాకు సరిగా అందక ఆమే తెలుగులో చెప్పింది. జోడంచు డాట్ ఇన్‌ను మీ భాగస్వామి దగ్గరనుంచి ఏజెంటు ద్వారా కొనేశామని, ఇక ఏఐకి ఆరు లక్షలు ఇవ్వాల్సిన పని లేదని, ఇష్టమైతే యాభై వేలకు తీసుకుంటామని రాశారు. కింద, బదిలీకి ఒప్పుకుంటూ నేను అవునని నొక్కిన మెయిల్ కూడా జతచేశారు. నా పేరు, నా నంబరు, తేదీ, గంట.

నౌషీన్ అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ కంపెనీకి మొదటినుంచీ కావాల్సింది మన ఇన్ పేరే. వాళ్లదీ చీరల వ్యాపారమే, అది వాళ్ల చేతికి వస్తే మా గిరాకీ అంతా వాళ్లకు పోతుంది. ఏఐకి ఆరు, ఇన్‌కు పది లక్షలు ఇస్తామన్నారట. ఆమె ఇన్ అమ్మేది లేదు, ఏఐ ఒక్కటే తీసుకోండని నెల రోజులు వాళ్లతో కొట్లాడిందట. పెనుకొండ హోటల్ బయట కన్నడలో మాట్లాడింది అదేనట.

"పది లచ్చలంటే నువ్వు అమ్మమంటావని బయపడినా అక్కా. అందుకే పదైదు వేలని అబద్ధం చెప్పినా. అది నా తప్పే. ఆ పదకొండు మగ్గాలు నిలబడల్లని చెప్పినా," అంది.

నేను అమ్మమనేదాన్నా? లేదని ఇప్పుడు చెప్పడం సులువు. పది లక్షలంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని కాదు, అది మాత్రం నిజం. ఆమె భయం వట్టిదని నేను అనలేను. నేను పట్టుకున్న అబద్ధం నిజంగా అబద్ధమే, దాని వెనక ఉన్నది మాత్రం నేను కలలో కూడా అనుకోనిది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

కూలబడి మొత్తం చెప్పాను. నరేష్ కార్డు, కదిరి, కనగానపల్లి, నాగన్న, కోడ్, మెయిల్. అమ్మడానికి కాదు, చూపించడానికి ఇచ్చాననీ, ధర తెలుసుకుని తిరిగి తీసుకుందామనుకున్నాననీ చెప్పాను. ఒక్క రూపాయి కూడా నా చేతికి రాలేదని నా బిడ్డల మీద ఒట్టేశాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఓటీపీ అడిగితే బ్యాంకోళ్లనే తిట్టే మనిషివి నువ్వు. ఆరేండ్లలో నన్నే సగం కూడా నమ్మకపోతివి. అట్లాంటి దానివి, మొకం తెలీని మనిషికి ఊరికే కోడ్ ఇచ్చినానంటే నేనెట్ల నమ్మల్ల అక్కా?" అంది.

గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఫోన్ తీసి నా బ్యాంకు ఖాతా తెరిచి ఆమె ముందు పెట్టాను. నెల రోజులదీ వేలితో మెల్లగా పైకి జరుపుతూ చివరిదాకా చూసింది. తర్వాత ఫోన్ నా వైపు తోసి, ఇందులోనే వేయించుకోవాలని ఏముంది అంది. నేను ఆమె చోట ఉన్నా అదే అనేదాన్ని, ఇంకా ముందే అనేదాన్ని. చేతికి తీసుకుని ఉండొచ్చు. వేరే ఖాతా ఉండొచ్చు. నరేష్ నా మనిషే అయి ఉండొచ్చు. ఆమె అడగని ప్రశ్నలు కూడా నాకు వరసగా తోస్తున్నాయి, ఒక్కదానికీ నా దగ్గర రుజువు లేదు.

నా తరఫున చెప్పే మనిషి ఒక్కడే ఉన్నాడని జయరాముడికి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను. ఆయన మాట అంటే నౌషీన్‌కు గురి. ఆయన కల్పించి చెప్పలేడు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. మగ్గం చప్పుడు ఆగింది. నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదని ఈ పిల్లకు చెప్పు అన్నాను. ఏ డబ్బు అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయనకు నరేష్ సంగతే తెలియదు. ఆయన ఇంట్లో లేని సమయం చూసి కదా నేను అతన్ని రమ్మన్నది. నౌషీన్ వింటూ ఉండగానే మొదటినుంచి మళ్లీ అంతా ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

ఆయన కోప్పడలేదు. వెనక ఎవరో కండె అందించమంటే, ఉండమన్నాడు.

"సరేలే సుమా, అయ్యిందేదో అయిపోయింది," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఆ పాప ముందర అబద్ధాలొద్దు. ఎంతకిచ్చినావో నిజం చెప్పి, సగం ఆ పాపకిచ్చి రా."

ఫోన్ పెట్టేశాను. నౌషీన్ కుర్చీ నా వైపు తిప్పుకుంది. నేను అంకె చెప్తానేమోనని కాచుకుని కూర్చుంది.